గుట్టకింది బడిలో ఈల గుర్తు

గుట్టకింది బడి, ఆత్మకూర్ దగ్గర
23 జూన్ 2019, ఆదివారం

రాళ్ళవాగు గ్రామ పంచాయతీ మాజీ అభ్యర్థి, నా ఏకైక మేనత్త శ్రీమతి నర్సింగమ్మ గారి సముఖానికి, అల్లుడు పెద్దులు చేతులు కట్టుకొని రాయునది.

అత్తా, ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకు. జనవరిలో ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రం నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదని లోకానికంతా తెలుసు. ఇక నా ఫోనంటావా, అది ఇక్కడ ఒక రేకు పెట్టెలో, తక్కిన పెద్దమనుషుల ఫోన్లతో కలిసి జైలు శిక్ష అనుభవిస్తోంది. పిల్లలకు వద్దన్న ఫోన్ పెద్దలకు మాత్రం ఎందుకని బడి సభ తీర్మానించింది. ఆ తీర్మానం పెట్టినవాడు రిత్విక్. వయసు పన్నెండు. ఈ దసరా దాకా సభాధ్యక్షుడు వాడే. నా ఫోన్ అందుకుంటూ "ఫికర్ చెయ్యకన్నా, చార్జింగ్ పెడుతుంటం" అన్నాడు. ఇంత దయగల జైలరును నేను చూడలేదు.

ఇది ఎలాంటి బడో చెప్తాను. గుట్ట కింద రెండు రేకుల గదులు, ఒక వేపచెట్టు, ఒక కోళ్ళ గూడు. పిల్లలు నలభైమంది లోపే. బెత్తం లేదు, హెడ్మాస్టర్ లేడు. లీలక్క అనే పెద్దావిడ ఈ బడి పెట్టింది గానీ, ఆమె మాట కూడా ఇక్కడ తరచుగా ఓడిపోతూ ఉంటుంది. ఎందుకంటే ప్రతి శనివారం వేపచెట్టు కింద సభ. బడిలో ఏది జరగాలన్నా అక్కడ తేలాలి. ఆరేళ్ళ పిల్లకు ఒక చేయి, లీలక్కకు ఒక చేయి, ఎం.ఏ. తెలుగు చదివిన నాకూ ఒకటే చేయి. నన్ను 'సార్' అని పిలవాలని మొదటి సభలోనే ప్రతిపాదించాను. ఎంత ఘోరంగా ఓడిపోయానంటే చివరికి నా చేయి కూడా సగమే లేచింది. ఇప్పుడు నేను పెద్దులన్నను. తాత పేరు పెట్టి నా యవ్వనాన్ని మొగ్గలోనే తుంచేసిన మా బాపుకు ఈ సంగతి చెప్పకు.

అయితే సభలో నా హాస్యానికి మంచి గిరాకీ ఉంది. అదే రోజు ఎవరో గద్ద గురించి ఏదో ఎత్తితే ఒక్క చమత్కారం విసిరాను. సభ నవ్వి నవ్వి పడిపోయింది. లీలక్క కళ్ళు తుడుచుకుంది.

అసలు సంగతి ఇది. కొత్తగా వచ్చినవాళ్ళను ఉంచాలా పంపాలా అన్నది దసరా సెలవుల ముందు సభ తేలుస్తుంది. ఎక్కువ చేతులు లేస్తే చాలదు. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. కాదన్నవాళ్ళు కారణం నా మొహం మీదే చెప్పాలి, నేను వినాలి, తేలేదాకా మాట్లాడుకోవాలి. ఇది నాకు నాలుగో ఉద్యోగమని నీకు తెలుసు. ఇక్కడా కుదరకపోతే మహబూబ్‌నగర్‌లో తన ఎరువుల దుకాణంలో కూర్చోవాలని బాపు నాతో ఒట్టు వేయించుకున్నాడు. యూరియా బస్తాల నడుమ నీ అల్లుణ్ని ఒకసారి ఊహించుకో. నవ్వుతూ రాస్తున్నానని తేలిగ్గా తీసుకోకత్తా. నాకు నిజంగా ఇక్కడ ఉండిపోవాలని ఉంది.

కిష్టయ్య మామను అడిగానని చెప్పు. ఆయన జవాబు చెప్తాడని కాదు, మర్యాదకు.

బెత్తమూ బిరుదూ లేని
పెద్దులు


రాళ్ళవాగు, నందికొండ పక్కన
2 జూలై 2019

అల్లుడు పెద్దులుకు అత్త నర్సింగమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. నేను సదువుకొని, మీ మామకు గూడ సదివి వినిపించిన. ఆయన 'ఊఁ' అన్నడు.

అయితే నువ్వు గూడ ఎలక్షన్ల నిలబడ్డవన్నట్టు! గా ముచ్చట ముందుగాల చెప్పాలె గదరా. ఎలక్షన్ల సంగతి మన ఇంట్ల నాకంటె ఎరుకున్నోళ్ళు ఎవలున్నరు? ఓడిపోతె ఓడిపోయిన గాని, తిరుగుడైతె నేర్సుకున్న.

నీకు తెలిసిందే గద. వార్డు మెంబరుకు నిలబడితె నాకు ఈల గుర్తు వచ్చింది, గోపమ్మకు గ్యాసుపొయ్యి గుర్తు. నేను గడప గడపకు కొబ్బరి, చక్కెర పెట్టి చేసిన గరిజెలు పంచిన. పోరగాండ్లకు ఈలలు పంచిన. వాడంత పొద్దుమాపు ఈలలే. ఒక్కొక్క ఇంట్ల గంటసేపు కూసోని, గెలిచినంక ఏమేం చేస్తనో పూసగుచ్చినట్టు చెప్పిన. అందరు తలకాయ ఊపిన్రు. 'నీకే అక్కా' అన్నరు. డబ్బా ఇప్పి చూస్తె గ్యాసుపొయ్యి! ఆ గోపమ్మ ఏం పంచింది? ఏం లే. మనిషి ఇంటికొస్తె ఇంత చాయ్ పోసుడు, నోరు మూసుకొని ఎదురుంగ కూసునుడు. గట్ల కూసున్నందుకు ఓట్లేసిన్రు. నా గరిజెలు తిని గ్యాసుపొయ్యికి గుద్దిన్రు. ఎవలు ఏసిన్రో ఎవలు ఎయ్యలేదో తెల్వదు గనక మొత్తం వాడతోటే మాట బంద్ పెట్టిన. అనుమానం అందరి మీద సమానంగ ఉండాలె గద. ఇంట్ల మాత్రం ఆ బాధ లేదు. మీ మామకు నా గరిజెలంటె పానం. పెట్టినవి పెట్టినట్టే తింటడు, ఒక్క మాట అనడు.

నువ్వు మాత్రం నా లెక్క ఆగం కావద్దు. పిల్లలు ఏ వాడల సంది వస్తరో తెలుసుకో. ఒక్కొక్క వాడకు ఒక మనిషిని పెట్టుకో. ఆ అధ్యక్షుడు పోరనికి ఏమిష్టమో అడుగు. అన్నిటికంటె ముఖ్యం, మాట్లాడు. ఎదుటోళ్ళకు సందు ఇయ్యకు. నోరున్నోనిదే గెలుపు, నీకు నా పోలికనే వచ్చింది.

ఒక మూట పంపుతున్న. మహబూబ్‌నగర్ బస్సుకు ఎక్కించిన. మీ బాపు అందుకొని ఆత్మకూర్ బస్సుకు ఎక్కిస్తడు. అండ్ల ఏమున్నదని అడగకు. గెలుపు ఉన్నది.

ఓడినా తగ్గని
మీ అత్త


గుట్టకింది బడి
21 జూలై 2019

గౌరవనీయులైన ఒకటో ముద్దాయి గారికి రెండో ముద్దాయి నమస్కరించి రాయునది.

అత్తా, నీ గెలుపు అందింది. నాకు కాదు, నాకంటే ముందు రోడ్డు మీద బస్సుకు ఎదురెళ్ళిన రిత్విక్‌కు అందింది. వాడు మూట విప్పాడు. నేను వెళ్ళేసరికి బడిలో పిల్లకొక ఈల, నోటినిండా గరిజ. గరిజ నోట్లో పెట్టుకొని ఈల ఊదడం సాధ్యమేనని నాకు ఆ రోజే తెలిసింది. ఊరి కుక్కలు గుట్ట ఎక్కాయి. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. లీలక్క చెవుల్లో దూది పెట్టుకొని, ఎవరేం అడిగినా "రేపు" అంటూ తిరిగింది.

అంతటితో పోయేదే. కానీ నువ్వు గరిజెలను నీ పాత కరపత్రాల్లో పొట్లాలు కట్టావు. ప్రతి పొట్లం మీదా రెండు చేతులూ జోడించి నువ్వు. కింద 'మీ అమూల్యమైన ఓటు ఈల గుర్తుకే'. శనివారం సభలో రిత్విక్ నూనె మరకల కరపత్రం ఒకటి పైకెత్తి పట్టుకొని నన్ను విచారించాడు.

"ఈమె ఎవలన్నా?"

"మా అత్త."

"మన బడిల నిలబడ్డదా?"

"లేదు, వాళ్ళ ఊళ్ళో."

"గెలిచిందా?"

నేను కోళ్ళ గూటి వైపు చూశాను.

"ఓడిపోయిన గుర్తు తీసుకొచ్చి మనల్ని గెలుద్దామనుకున్నరా?" అన్నాడు వాడు, కోపంగా కాదు, చాలా జాలిగా.

నేరం ఓటర్లను ప్రలోభపెట్టడం. సాక్ష్యం ఏదని నేను గట్టిగా నిలదీశాను. తీర్పు వచ్చేలోపే సాక్ష్యమంతా తినేశారు కదా! అయినా శిక్ష పడింది. ఈలలన్నీ నేనే వెతికి ఏరాలి, వారం రోజులు అన్నం గిన్నెలు నేనే తోమాలి. ఏరాను. ఒకటి నీళ్ళ కుండలో దొరికింది, ఒకటి నా చెప్పులోనే. తోముతూనే ఉన్నాను. ఈ కాగితం మీది మసి అదే.

ఆఖరుకు స్నిగ్ధ లేచి, "ఒక్క ఈల ఉంచుదాం. మాట్లాడనియ్యకపోతె ఊదేటందుకు" అంది. అందరూ చేతులెత్తారు. ఇప్పుడు నీ ఈల ఒకటి వేపచెట్టుకు కొట్టిన మేకుకు వేలాడుతోంది.

నన్ను కలవరపెడుతున్నది ఆ స్నిగ్ధే అత్తా. అందరూ గరిజెలు తిన్నారు, ఆమె తప్ప. ఆకులో పెట్టి స్వయంగా నేనిస్తే అలాగే తెచ్చి నా ముందు పెట్టేసింది. నేను వచ్చినప్పటి నుంచీ నాతో మాట్లాడదు. ఎదురొస్తే దారి మార్చుకుంటుంది. ఎందుకో అర్థం కాదు. తక్కినవాళ్ళంతా ఒప్పుకున్నా ఆమె ఒక్కతే కాదంటే నా కథ ముగిసినట్టే. కళ్ళు మూసుకుంటే ఆమె మొహమే కనబడుతోంది.

గిన్నెల మధ్య నుంచి
పెద్దులు


రాళ్ళవాగు
1 ఆగస్టు 2019

అల్లుడా,

ముందుగాల కేసు సంగతి రాయి. ముద్దాయి అన్నవు, విచారణ అన్నవు, శిక్ష అన్నవు. పోలీసులు వచ్చిన్రా? మీ మామ ఉత్తరం విని, లేసి పోయి, బెయిలుకు పనికొస్తదని పట్టాదారు పాసుబుక్కు తీసి బల్ల మీద పెట్టిండు. ఎవలు అడగలే. ఆయనకు ఆయననే తీసిండు. వారం సంది అది బల్ల మీదనే ఉన్నది.

ఇగ అసలు ముచ్చట. స్నిగ్ధ ఎవలు? ఏ ఊరు? అమ్మనాయినలు ఏం జేస్తరు? నాకు చెప్పకుంటె ఎవలకు చెప్తవురా? కళ్ళు మూసుకుంటె మొహం కనబడుతాందని రాస్తవు, ఎవలోళ్ళ పిల్లనో రాయవు. మీ బాపుకు నేనింక చెప్పలే. చెప్పేదుంటె నేనే చెప్త, నువ్వు నోరు తెరువకు, చెడగొడ్తవ్.

గరిజెలు వాపస్ ఇచ్చిందంటె రోషమున్న పిల్ల. రోషమున్న పిల్ల మంచిదే. గాని నా మాట జర ఇను. నువ్వు ఊకె నవ్విస్తుంటవ్. నవ్వించేటోడు పెండ్లి పందిట్ల బాగుంటడు, రోజూ ఇంట్ల ఉంటె తలనొప్పి. ఆమె చెప్తుంటె మధ్యల అందుకోకు. నోరు మూసుకొని, ఆమె చెప్పుడు అయ్యేదాక ఇను. అయిపోయిందని అనిపించినంక ఇంకొంచెం సేపు ఇను. అసలు మాట అప్పుడే వస్తది. గీ ముచ్చట నీకు ఎట్ల తెలుసు, నువ్వెప్పుడన్న ఎవలదన్న విన్నవా అని అడగకు. తోచింది, రాసిన.

వట్టి చేతులతోటి మాట్లాడొద్దని ఒక చీర పంపుతున్న. గద్వాల చీర. ఆకుపచ్చది, ఎర్ర అంచు. గెలిస్తె ప్రమాణం చేసే నాడు కట్టుకుందామని ముందుగాలనే కొనుక్కొని పెట్టిన. కట్టుకునే రాత లేకపాయె. మడత గూడ ఇప్పలే. పెట్టెల చూసినప్పుడల్ల మనసుకు ఎట్లనో అయితాంది. ఆ పిల్లకన్న పనికొస్తె మంచిదే. రంగు నప్పుతదా రాయి.

పిల్ల ఫోటో ఉంటె పంపు.

మీ అత్త


గుట్టకింది బడి
18 ఆగస్టు 2019

అత్తా, కూర్చున్నావా? లేకపోతే కూర్చొని చదువు.

స్నిగ్ధకు తొమ్మిదేళ్ళు. ముందు పన్ను ఒకటి ఊడింది. అమ్మానాన్నలకు పక్క ఊళ్ళో వేరుశనగ చేను ఉంది. నాకు పడిన శిక్ష అన్నం గిన్నెల వరకే. మామను పాసుబుక్కు లోపల పెట్టుకోమను. బల్ల మీద నుంచి తీసేటప్పుడు ఆయనకు నా తరఫున ఒక దండం పెట్టు.

పెళ్ళికూతురి కోసం నువ్వు రాసిన సలహాను మాత్రం తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర తు.చ. తప్పకుండా పాటించాను. ఆమె కోళ్ళకు నూకలు వేస్తుంటే వెళ్ళి పక్కన కూర్చొని, "నా మీద కోపమెందుకో చెప్పు, నేను వింటా" అన్నాను. తర్వాత నోరు మూశాను. బొడ్డు కోసిన మంత్రసాని మొదలుకొని ఈనాటి వరకూ ఈ దృశ్యం ఎవరూ చూసి ఉండరు. చాలాసేపు నూకలే వేసింది. తర్వాత అంది:

"మొదటి శనివారం నేను లేసిన. గద్ద కోడిపిల్లల్ని ఎత్తుకపోతాంది, గూటి మీద వల కట్టాలె అని చెప్దామని లేసిన. 'గద్ద' అన్ననో లేదో నువ్వు 'గద్దకు నోటీసు పంపుదాం, వచ్చే శనివారం సభకు హాజరు కావాలె' అన్నవ్. అందరు నవ్విన్రు. నేను 'వల' అననే లేదు. కూసున్న. సోమారం బొట్టుదాన్ని ఎత్తుకపోయింది."

బొట్టుదంటే నెత్తి మీద తెల్ల మచ్చ ఉన్న కోడిపిల్ల. స్నిగ్ధ పెంచుకున్నది.

ఆ గద్ద చమత్కారం గురించి నీకు ఎంత గొప్పగా రాశానో గుర్తుందా? చెప్పడం అయిపోయిందనుకొని నోరు తెరవబోయాను. నువ్వు ఇంకొంచెం సేపు వినమన్నావు కదా, ఆగాను. అప్పుడంది.

"అందరు నవ్వుతుంటె నాక్కూడ నవ్వొచ్చిందన్నా. నేను గూడ నవ్విన. అందుకే నాకు ఎక్కువ కోపం."

తప్పయిపోయిందన్నాను. "చూస్త" అంది. అంతే.

ఇక చీర సంగతి. నీ మూట వచ్చిన రోజు ఆమె అక్కడే ఉంది. ఇది ఎవరిది, ఎందుకు కొన్నదని అడిగింది. ప్రమాణ స్వీకారం సంగతి చెప్పాను. పెళ్ళి సంగతి దాచాను. చీర అంచు పట్టుకొని చూసి, "వల దొరికేదాక ఇది పనికొస్తది. పందులు రాకుండ మా అమ్మ చేను చుట్టు చీరలే కడ్తది" అంది. అవి పాతవి, ఇది కొత్తది అని నేను మొత్తుకున్నాను. "సభల పెడుదాం" అంది. సభలో పెట్టారు. చేతులన్నీ లేచాయి. చివరికి, క్షమించు, నాది కూడా.

ప్రస్తుతం నీ గద్వాల చీర కోళ్ళ గూటి మీద సకల లాంఛనాలతో పదవిలో ఉంది. గద్ద వచ్చి, చుట్లు తిరిగి, ఇంత ఖరీదైన కోళ్ళు మనకెందుకనుకొని వెళ్ళిపోయింది. చీర కింద కోళ్ళకు ఎండ తగలక అవి ముడుచుకు కూర్చుంటున్నాయి. అందుకే వల కోసం వెతుకుతున్నాం. ఆత్మకూర్ సంతలో దొరకలేదు.

సెప్టెంబరు 21 శనివారం నా సంగతి తేలుస్తారు.

నీ చీరకు కావలివాడు
పెద్దులు


రాళ్ళవాగు
5 సెప్టెంబరు 2019

ఒరే పెద్దులూ,

కోళ్ళ మీద కప్పిన్రా! గద్వాల చీరరా అది! నేను మడత గూడ ఇప్పలే, నీ కోళ్ళు కింద కూసోని అంచు చూస్తున్నయా? ఉత్తరం సదివి కోపానికి పొయ్యి మీది పాలు పొంగిచ్చుకున్న. మీ మామ వచ్చి దించిండు.

వల కావాల్నట, వల. ఈడ గోపమ్మోళ్ళ ఇంట్ల వలలు కుప్పలు. ఆమె పెనిమిటి నందికొండ డ్యాము కాడ చేపలు పడ్తడు. చినిగినయన్ని గోడకు ఏలాడుతుంటయి. గాని నేను ఆమె గడప తొక్కుతనా? మీ కోళ్ళన్ని గద్ద పాలైనా తొక్క.

ఒక్కటి మాత్రం మనసుల తిరుగుతాంది. కాదన్నోళ్ళు మొహం మీద చెప్పాలె అన్న రూలు ఎవలు పెట్టిన్రు? ఆ పన్ను ఊడిన పిల్ల నీకు కారణం చెప్పింది. మా దగ్గర ఒక్కళ్ళు చెప్పలే. నేనేం తప్పు చేసిన్నో ఈ రోజు దాక నాకు తెల్వదు. సరే తియ్యి.

నీ తరఫున మాట్లాడేటోళ్ళు ఎవలు లేరని నాకు సమజైంది. ఇరవై ఒకటో తారీకు నేనే వస్తున్న. లేసి నాలుగు మాటలు చెప్త. ఎట్ల ఒప్పుకోరో చూస్త. మీ మామ గూడ వస్తాండు. వస్తవా అని నేను అడగలే, సంచి సర్దుకొని అరుగు మీద కూసున్నడు.

మీ అత్త
(గరిజెలు తెస్తలేను. మళ్ళ కేసు పెడ్తరు.)


గుట్టకింది బడి
22 సెప్టెంబరు 2019

అత్తా,

కోపం దిగిందో లేదో తెలియదు. దిగకపోయినా చదువు.

నువ్వు నిన్న నాలుగు మాటలని లేచావు. నేను పుట్టిన రోజు కురిసిన వాన దగ్గర మొదలుపెట్టావు. నా నడక, నా తట్టు, ఏడో తరగతిలో నాకు వచ్చిన బహుమతి కప్పు. నేను డిగ్రీలో చేరేసరికి ఆరేళ్ళ పిల్లలు నిద్రపోయారు. స్నిగ్ధ రెండుసార్లు చేయెత్తింది. నువ్వు చూశావు కూడా. "ఆగు బిడ్డా, అయిపోవస్తాంది" అన్నావు. అప్పుడు ఆమె వెళ్ళి మేకుకు ఉన్న ఈల తీసి ఊదింది.

"నా ఈలతోటి నన్నే!" అని నువ్వు చెప్పులు వేసుకున్నావు. నేను వెనకాల పరుగెత్తుకొచ్చాను గానీ ఆ పాటికే బస్సు ఎక్కేశావు. నువ్వు చూడనిది ఒకటుంది. నీ వెనక వస్తూ మామ స్నిగ్ధ దగ్గర ఆగాడు. ఈల చేతిలోకి తీసుకొని, ముందూ వెనకా చూసి, చాలా మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత ఏం జరిగిందో విను. నన్ను ఉంచడానికి ఎవరికైనా అభ్యంతరముందా అని రిత్విక్ అడిగాడు. స్నిగ్ధ లేచింది. నేను వేపచెట్టు కొమ్మలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఈ అన్న వద్దు అని నేను అనను. ఉండాలె అని గూడ ఇప్పుడే అనను. ఎండకాలం సెలవుల దాక ఉండనిద్దాం. అప్పుడు మళ్ళ అడుగుదాం. అప్పటిదాక ఈల నా దగ్గర ఉంటది. ఎవలన్న మాట్లాడుతుంటె మధ్యల నవ్విస్తె ఊదుత."

"మాట్లాడుడు అయిపోయినంక నవ్వియ్యొచ్చా?" అడిగాడు రిత్విక్.

ఆమె ఆలోచించింది. "అయిపోయినంక నవ్వియ్యాలె. లేకుంటె బోరు కొడ్తది."

చేతులన్నీ లేచాయి. ఈసారి నాది పూర్తిగా లేచింది. యూరియా బస్తాలు ఎండాకాలం దాకా ఆగాల్సిందే.

సభ ముగిశాక స్నిగ్ధ నా దగ్గరికి వచ్చింది. "మీ అత్త అంతదూరం సంది వచ్చి, చెప్పాల్సింది చెప్పకుండనే పోయింది. మిగిలింది ఉంటె మళ్ళ వచ్చి చెప్పుమను. నేను ఊదింది ఆమెను బంద్ పెట్టనీకి కాదు. ఒకటి అడుగుదామని."

"ఏం అడుగుదామనుకున్నావు?"

"ఆ చీర ఆమె కట్టుకుందామని కొనుక్కున్నది గద. కోళ్ళ మీద కప్పినందుకు ఆమెకు బాధైతాందా అని."

నిన్నే అడిగి చెప్పమంది. అడుగుతున్నాను.

పెద్దులు


రాళ్ళవాగు
10 అక్టోబరు 2019

అల్లుడు పెద్దులుకు అత్త దీవించి రాసేది.

మళ్ళ జన్మల నీకు ఉత్తరం రాయొద్దనుకున్న. ఆ రోజు బస్సెక్కినంక దేవరకొండ దాక ఒక్క మాట మాట్లాడలే. మీ మామ పరేషాన్ అయ్యి నా నాడి పట్టుకొని చూసిండు.

నీ ఉత్తరం వచ్చింది. ఆ పిల్ల అడిగిన మాట కాడ ఆగిపోయిన. ఓడిపోయిన నాటి సంది వాడల ఒక్కళ్ళన్న నన్ను 'బాధైతాందా అక్కా' అని అడగలే అనుకొని మస్తు ఏడిసిన. ఏడుసుడు అయినంక సమజైంది. నేను అడగనిచ్చిన్నా? ఫోనెత్తలే. ఎదురొస్తె మొహం తిప్పుకున్న. పాపం, ఎట్ల అడుగుతరు?

సద్దుల బతుకమ్మ నాడు బతుకమ్మను పట్టుకొని ఈసారి వాడోళ్ళ కాడికే పోయిన. అందరు ఆట ఆపి చూసిన్రు. ఎలక్షన్లప్పుడు మిగిలిన ఈల ఒకటి కొంగుకు కట్టుకొని పోయిన, అది ఇప్పి గోపమ్మ చేతుల పెట్టిన. "నాకు ఓటెందుకు ఎయ్యలేదో మొహం మీద చెప్పున్రి. నేను మధ్యల అందుకుంటె నువ్వు ఊదు. కోపం తెచ్చుకోను, ఎందుకంటె ఆత్మకూర్ కాడ మా అల్లుని బడిల గిట్లనే చేస్తరు, ఆడ ఒక పిల్ల ఉన్నది, ఆమె..." అంటుంటెనే ఊదింది.

అప్పుడు ఒక్కొక్కరు మొదలుపెట్టిన్రు. మా నీళ్ళ నల్లా సంగతి చెప్పుకుందామని నీ ఇంటికొస్తె, మేం నోరు తెరవకముందే మా కష్టం నువ్వే చెప్పి, నువ్వే తీర్చి, మమ్ముల ఇంటికి పంపిస్తవు అన్నరు. తీరా చూస్తె నువ్వు తీర్చింది మా కష్టం కానే కాదు, పక్కింటోళ్ళది అన్నరు. గోపమ్మ ఈల చాన సార్లు ఊదింది. ఆఖరుకు నాక్కూడ నవ్వొచ్చింది. నవ్విన గాని, చెప్పుడు అయిపోయినంకనే నవ్విన. ఆ పిల్లకు చెప్పు.

తెల్లారి గోపమ్మ గడప తొక్కిన. చాయ్ పోసి ఎదురుంగ కూసున్నది. కోళ్ళు, గద్ద, బొట్టుది, చీర, అంత చెప్పిన. ఒక్కసారి గూడ మధ్యల అందుకోలే. ఆమె ఎందుకు గెలిచిందో ఆడ కూసున్నంక తెలిసింది. మొత్తం విని, లేసి పోయి, గోడకున్న వల తీసి, చినిగిన కాడ తనే అల్లి ఇచ్చింది. అదే ఈ మూట. గూటి మీద కట్టున్రి. కోళ్ళకు ఎండ తగులనియ్యున్రి.

స్నిగ్ధకు నా జవాబు చెప్పు. బాధైంది అని చెప్పు. అడిగినంక తక్కువైంది అని గూడ చెప్పు. చీర రెట్ట పోయేదాక ఉతికి, మడత పెట్టి ఆమె కాడనే ఉంచుమను. ఎండకాలంల సభ నిన్ను ఉంచుకుంటె ఆ రోజు నేనొచ్చి, ఆ చీరనే కట్టుకొని, వేపచెట్టు కింద కూసుంట. చిల్లులున్నా సరే. మిగిలిన మాట అప్పుడు చెప్త. చిన్నదే.

ఇంకొకటి. గోపమ్మ ఈల వాపస్ ఇచ్చింది. తెచ్చి మీ మామ ముందర పెట్టి, 'నువ్వు గూడ ఏమన్న చెప్పేదుంటె చెప్పు, నేను వింట' అన్న. ఆయన ఈల ఇటు తిప్పిండు, అటు తిప్పిండు, జేబుల ఏసుకున్నడు. ఇగ మొదలుపెట్టిండు చూడు. పొయ్యి మీది అన్నం మాడిపోయేదాక మాట్లాడిండు. నేను ఇన్న. అండ్ల ముఖ్యమైంది పెద్దులుకు నేను రాస్త అంటె, 'నువ్వు రాస్తె మారుస్తవు, నేనే రాస్త' అన్నడు. అందుకే కింద జాగా ఇడిసిపెట్టిన.

మీ అత్త
నర్సింగమ్మ

అల్లుడు పెద్దులుకు,
నాకు గరిజెలు ఇష్టం లేదు. పెండ్లయిన నాటి సంది చెప్దామనుకుంటున్న. బియ్యప్పిండితోటి కారంగ కాల్చే సర్వప్ప ఇష్టం.
ఓటు మాత్రం ఈలకే ఏసిన.
కిష్టయ్య